ముందు కుడి చక్రం

ఇంకో ముప్పావు గంట పడుతుందట. కార్లని వరసలో పైకి పంపే ఆడ్రీ వచ్చి చెప్పి వెళ్లింది. పైన ఆఖరి మలుపులో ఎవరిదో ఆకుపచ్చ కారు గడ్డిలోకి జారిపోయిందట, మనిషికి ఏమీ కాలేదు, కారు ముక్కు వంగింది, ట్రాక్టరు కట్టి లాగుతున్నారు, ఇంజను ఆపేసి హాయిగా కూర్చోమ్మా లొరేన్, ఎక్కడికి పోతుంది కొండ, అంది. ఆపేశాను. నా ముందు పదకొండు కార్లు, వెనక ఇంకా బోలెడు, అందరూ ఇంజన్లు ఆపేశారు. ఒక్కో కారూ సమయం కొలుచుకుంటూ పైకెక్కే పందెంతో పొద్దుట్నుంచీ చెవులు చిల్లులు పడేలా మోగిన హార్కోంబ్ కొండ మీద ఇప్పుడు గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి. నా చెవుల్లో మోత మాత్రం ఆగలేదు. ఇంజను ఆపితే ఆగే మోత కాదది. పొద్దున నా మొదటి పరుగులో, రాతిగోడ పక్కన ఎడమ మలుపు తిరుగుతుంటే నా కుడి పాదం కింద మొదలైంది, కాఫీ గింజలు చేత్తో మర తిప్పి ఆడిస్తున్నట్టు గరగరా గరగరా, కారు తిన్నగా అవగానే సన్నటి హూంకారం, ఆ వెంటనే వచ్చే కుడి మలుపులో తుడిచిపెట్టినట్టు మాయం. ఎడమకి తిరిగితే వస్తుంది, కుడికి తిరిగితే పోతుంది. టైర్లే లొరేన్, అన్నాడు మాల్కం. మే నెల నుంచీ అదే పాట. టైర్లు అరిగాయి, రోడ్డు గరుకుగా ఉంది, నీ చెవులకి వయసొచ్చింది. ఇరవై ఏడేళ్ల కాపురంలో నా చెవుల్ని ఇన్ని మాటలు ఎప్పుడూ అనలేదు.

టైర్లయితే ఎటు తిరిగినా ఏడుస్తాయి. ఈ ముక్క నాది కాదు, అతనిదే. ఏటా జనవరిలో ఊరి హాల్లో, క్లబ్బులో కొత్తగా చేరినవాళ్లని మడత కుర్చీల్లో కూర్చోబెట్టి, బల్లకి ఒక పాత ఇరుసూ చక్రమూ బిగించి మాల్కం పాఠం చెబుతాడు, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని. "మోత ఇంజనుదా చక్రానిదా తెలియట్లేదా? గేరు తీసేసి కారుని ఊరికే దొర్లనివ్వండి. మోత అలాగే ఉంటే చక్రానిదే. ఇప్పుడు స్టీరింగు అటూ ఇటూ ఊపండి. ఒక వైపు తిప్పితే పెరిగి రెండో వైపు తిప్పితే తగ్గిందా, అయితే బరువు పడుతున్న వైపు బేరింగు మిమ్మల్ని బతిమాలుతోందన్న మాట, నాయనా నన్ను చూడు, అని." ఇక్కడ అందరూ నవ్వుతారు. అందరికంటే ముందు నేను నవ్వాలి, అదొక లెక్క. తర్వాత జాకీ మీద లేపడం, చక్రాన్ని పైనొక చెయ్యి కిందొక చెయ్యి వేసి ఊపడం, టక్కుమని ఆట, అంటే వదులు, తగిలిందా, అయిపోయింది. స్ప్రింగు మీద వేళ్లు ఆనించి చక్రం తిప్పితే ఇసుకలో నడిచినట్టు తగులుతుంది. ఆ తిప్పే మనిషిని నేను. పన్నెండేళ్లుగా నేను తిప్పుతున్నాను, వాళ్లొచ్చి ఒక్కొక్కరే వేళ్లు ఆనించి ఓహో అంటున్నారు. చివర్లో మాల్కం గొంతు తగ్గించి అంటాడు, "నట్టు ఇంకాస్త బిగిస్తే ఆట పోతుంది. తనిఖీలో పట్టుకోలేరు. అలా బిగించి సరిపెట్టేవాడు దొంగ. ఆ కారు ఎక్కే ప్రాణం ఎవరిదో వాడు ఆలోచించుకోవాలి." నాకు వెన్ను జలదరించేది, ప్రతి ఏడూ, అంత బాగా చెప్పేవాడు. గర్వంగా కూడా ఉండేది, ఎందుకు అబద్ధం.

చలిగా ఉంది. సెప్టెంబరు మొదట్లోనే ఇంత గాలేమిటో. కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయి, దిగాను. దిగడం కూడా ఒక విద్యే ఈ కారులోంచి, ముందు పిరుదులు, తర్వాత ఒక కాలు, తర్వాత పరువు. నీలం రంగు రెండు సీట్ల బండి, మా పెళ్లికంటే పాతది. ఇద్దరికీ అదొక్కటే. ఇక్కడ చాలామంది మొగుడూ పెళ్లాలు ఇలాగే ఒకే కారులో ఇద్దరూ పోటీ పడతారు, ముందు జట్టులో ఒకరు, వెనక జట్టులో ఒకరు. అతను పైకి వెళ్లి దిగి వస్తాడు, వచ్చి దిగి సీటు రెండు పళ్లు ముందుకి జరిపి నాకిస్తాడు. అందులో ఉన్న మంటేమిటంటే, సాకు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. అదే కారు, అదే కొండ, అదే రోజు. ఓడితే నువ్వే ఓడావు. మొదటి ఆరేళ్లు నేనే ఓడాను, నాకేం బాధ లేదు. తర్వాత నెమ్మదిగా అందుకున్నాను. కిందటేడు రెండుసార్లు దాటాను. "ఏంట్రా మాల్కం, ఇంట్లోనే ఉన్నాడే నీ మొగుడు" అన్నారు టీ దగ్గర, అతను కూడా నవ్వాడు. ఈ ఏడు మే నుంచీ ప్రతిసారీ నేనే ముందు, ఒక్కసారి తప్ప. జులైలో అతని అరవయ్యో పుట్టినరోజున కూడా పోటీ పడింది, పొద్దున అతని సమయం చూసి, పాపం వయసు మీద పడుతోంది, పైకి చెప్పుకోలేకపోతున్నాడు అనుకున్నాను. మధ్యాహ్నం నా పరుగులో గోడ మలుపు దగ్గర కావాలని యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశాను. గెలిపించాను. రాత్రి కేకు కోసి, నన్ను ముద్దు పెట్టుకుని, చూశావా ముసలి గుర్రంలో ఇంకా ఊపిరుంది, అన్నాడు. ఆ ఆనందం చూసి నేను ఇంకో కేకు ముక్క కోసి పెట్టాను. ఎంత పిచ్చిదాన్నో.

ఇందాక కూడా బాగానే ఉన్నాడు. తన రెండో పరుగు ముగించుకుని దిగి వచ్చి, తాళం ఇస్తూ, బ్రహ్మాండంగా ఉంది బండి, వేడెక్కింది, నీకోసమే కాచి ఉంచాను పో, అన్నాడు. నా చేతులు చల్లగా ఉన్నాయని తన పాత కోటు తీసి నా భుజాల మీద వేశాడు. మైనం వాసన, కుక్క వాసన, అతని వాసన. అతను వెళ్లి ఐదు నిమిషాలు కాలేదు, పైన ఆకుపచ్చ కారు జారింది, మేమందరం ఇక్కడ ఆగిపోయాం. ఊరికే నిలబడితే ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది చేతులకి. ఎడమ చక్రం దగ్గర వంగి మధ్య మూత మీద అరచెయ్యి పెట్టాను. గోరువెచ్చన, టీ కప్పు పట్టుకున్నట్టు. చుట్టూ తిరిగి వచ్చి కుడి చక్రం మీద పెట్టాను, పెట్టినది పెట్టినట్టే లాగేసుకున్నాను. పెనం. మళ్లీ పెట్టాను, నా భ్రమేమో అని. భ్రమకి అరచెయ్యి ఎర్రబడదు కదా. టైరు పైభాగం రెండు చేతులతో పట్టుకుని లోపలికి తోశాను, బయటికి లాగాను. టక్. కారు నేల మీదే ఉంది, జాకీ కూడా లేదు, అయినా తగిలింది. మళ్లీ. టక్. పన్నెండేళ్లు నేను బల్ల దగ్గర నిలబడి నలుగురికీ తగిలించిన టక్కు అది, నా వేళ్లకి ఆ మాత్రం తెలియదా. నా సీటు సరిగ్గా దాని వెనకే ఉంటుంది. ఎడమ మలుపులో బరువంతా పడేది దాని మీదే, ఆ మలుపుకి బయటివైపు ఉన్నది రాతిగోడ. అక్కడ చక్రం ఊడితే కారు ఎటు పోతుందో బొమ్మ గీసి చూపించక్కర్లేదు.

పొద్దున పోటీకి ముందు చేసే తనిఖీలో ఎలా దాటింది మరి? నేను పక్కనే ఉన్నాను. హెక్టర్ మోకాళ్ల మీద కూర్చుని, పైనొక చెయ్యి కిందొక చెయ్యి వేసి ఊపాడు, చక్రం అంగుళం కాదు కదా వెంట్రుకంత కూడా కదల్లేదు. "ఈ చక్రాన్ని కదిలించాలంటే ముందు కొండని కదపాలి, మాల్కం మాస్టారి చెయ్యి పడ్డాక మాకేం పని" అని చీటీ అంటించి వెళ్లిపోయాడు. మాల్కం వినయంగా తల ఊపాడు. అప్పటికి గట్టిగా ఉన్న చక్రం మధ్యాహ్నానికి ఇలా ఎలా అయింది? అరగడానికి కూడా ఒక మర్యాద ఉంటుంది, పూటలో ఇంత అరగదు. పొద్దున్నే ఆరున్నరకి నేను వ్యానులోంచి టీ తెచ్చినప్పుడు ఆ చక్రం ఊడదీసి ఉంది. ఏంటిది ఇప్పుడు, అంటే కొంచెం గ్రీజు పెడుతున్నాను, అన్నాడు, తల ఎత్తలేదు. తనిఖీ అయ్యాక టైర్లలో గాలి చూసుకొస్తానని కారుని చెట్ల వెనక్కి తీసుకెళ్లాడు. గాలి చూడటానికి ఇరవై నిమిషాలా అని కూడా అనుకోలేదు నేను, శాండ్‌విచ్‌లో బేకన్ మాడిందని గొణుగుతున్నాను. బిగించాడు. చీటీ అంటించాక వదులు చేశాడు. బిగుతుగానే వదిలేస్తే పైకి వెళ్లేలోపే బేరింగు కాలి పట్టేస్తుంది కాబట్టి. కాదులే, మాల్కం అలా చెయ్యడు, చెయ్యడు కాక చెయ్యడు, అనుకుంటూ కోటు జేబులో చేతులు పెట్టుకున్నాను. వేళ్లకి ఏవో గుచ్చుకున్నాయి. తీశాను. వంకర పోయిన స్ప్లిట్ పిన్నులు.

ఎన్ని? ఏడు, ఎనిమిది, తొమ్మిది, కుట్టు సందులో ఇంకోటి. నట్టు కదలకుండా అడ్డంగా దూర్చి కాళ్లు విరిచే పిన్ను ఇది. ఒకసారి విరిచింది మళ్లీ వాడకూడదు, నట్టు విప్పిన ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. ఈ చాదస్తం అతనికి ఎంత ఉందంటే, పాత పిన్ను తిన్నగా చేసి వాడాడని క్లబ్బు కోశాధికారితో మూడు నెలలు మాట్లాడలేదు. అందుకే విప్పినప్పుడల్లా పాతది జేబులో వేసుకున్నాడు, నేల మీద పారేయడు, శుభ్రమైన మనిషి. పది పిన్నులంటే పదిసార్లు విప్పాడు. బిగించడానికొకసారి, వదులు చెయ్యడానికొకసారి. మే, జూన్, జులైలో పుట్టినరోజు పోటీ, ఆగస్టు, ఇవాళ. ఐదు పోటీలు. నా లెక్క తప్పయితే బాగుండునని మళ్లీ లెక్కపెట్టాను. పుట్టినరోజు నాడు కూడా! కేకులో కొవ్వొత్తులు నేను గుచ్చుతున్నప్పుడు ఈ పిన్నులు జేబులోనే ఉన్నాయి. వెధవ చాదస్తం, మోసం కూడా నియమం తప్పకుండా చేశాడు. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు గొంతు దాటేసరికి ఇంకేదో అయిపోయింది, హెల్మెట్ అడ్డం పెట్టుకున్నాను, పక్క కారు వాడు చూస్తున్నాడని.

జనవరిలోనే మొదలై ఉంటుంది ఇదంతా. హాల్లో పాఠానికి ముందు రోజు ఈ బేరింగులు వంటింటి బల్ల మీదే మార్చాడు, షెడ్డులో వేళ్లు కొంకర్లు పోతున్నాయని. రెండు బేరింగుల మధ్యలో ఒక చిన్న ఇనప గొట్టం ఉంటుంది, దాని పక్కన సిగరెట్టు కాగితమంత పల్చటి ఉంగరాలు, ఒకటి వేసి చూసి, తీసి చూసి, మళ్లీ బిగించి, సరిగ్గా కుదిరేదాకా ఒక మధ్యాహ్నం పడుతుంది. ఆ గొట్టం ఉంటేనే ఇరుసుకి బలం. అది వదిలేసినా చక్రం తిరుగుతుంది, ఏమీ కానట్టే తిరుగుతుంది, లోపల ఇరుసు ప్రతి మలుపులోనూ కొంచెం కొంచెం వంగుతూ నిటారవుతూ ఒకరోజు విరుగుతుంది. హాల్లో ఎవడో ఒకడు ఏటా అడుగుతాడు, అది లేకపోయినా నడుస్తుందటగా అని, వాణ్ణి నిలబెట్టి కడిగేస్తాడు మాల్కం. ఫిబ్రవరిలో బల్ల సొరుగు సర్దుతుంటే నాకు ఒక గొట్టం దొరికింది. ఇదేంటి అంటే, పాతదిలే, పనికిరాదు, అన్నాడు వార్తాపత్రికలోంచి. అప్పుడు నిజంగానే అలా అనుకున్నాడేమో. ఇప్పటికీ నా మనసు ఆ మాత్రం వాటా అతనికి ఇస్తోంది చూడు. నున్నగా, బరువుగా, ముద్దుగా ఉంది. వంటింటి కిటికీకి ఉన్న బ్లైండు తెర తాడు గాలికి ఎగురుతోందని దాని చివర కట్టాను.

మే నెలలో ఒక ఆదివారం షెడ్డులోంచి వచ్చి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. కుళాయి అలా పోతూనే ఉంది. ఏమైంది అంటే ఏం లేదన్నాడు. వచ్చి కూర్చుని కిటికీ వంక చూశాడు. సూపు చల్లారిపోయింది. తర్వాత, చాలా మామూలుగా, ఆ తాడుకి ఇంకేదైనా కట్టకూడదా లొరేన్, అన్నాడు. నేను నవ్వాను. ఎందుకూ, బరువుగా భలే ఉందిగా, నీ సామానులో పనికొచ్చింది ఇదొక్కటే, అన్నాను. అతను కూడా నవ్వాడు. ఆ ఒక్క క్షణంలో చెప్పి ఉంటే ఏం పోయేది? ఒరేయ్ ముసలోడా అని తిట్టి, ఇద్దరం కలిసి షెడ్డుకి వెళ్లేవాళ్లం. అప్పటికే ఇరుసు మీద కూడా గీతలు పడి ఉంటాయి, ముందు భాగమంతా విప్పి కొత్తది వెయ్యాలి, రెండు పోటీలు పోయేవి, క్లబ్బులో నలుగురూ అడిగేవాళ్లు, ఏమైంది మాస్టారూ అని. మాస్టారు గొట్టం మరిచిపోయాడు. అంతేగా! నవ్వి ఊరుకునేవాళ్లు. ఒక పూట నవ్వు భరించలేక నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టాడు. పొద్దున్నే లేచి ఆ బ్లైండు పైకి లాగేది అతనే. మే, జూన్, జులై, ఆగస్టు, ప్రతి పొద్దునా ఆ గొట్టం వేళ్లతో పట్టుకుని తాడు లాగి, వెలుగు రానిచ్చి, నాకు టీ కలిపి తెచ్చి మంచం పక్కన పెట్టాడు. టీ ఎప్పుడూ చల్లారలేదు, చక్కెర ఎప్పుడూ ఎక్కువ కాలేదు.

మైకులో ఏదో అంటున్నారు. ట్రాక్టరు దిగుతోందట. ఆగిన చోట పొద్దు పోవడానికి ఇందాకటి పరుగుల సమయాలు చదువుతున్నారు, గోడ మలుపు దగ్గర వేగం కూడా చదువుతారు, అక్కడొక యంత్రం ఉంది. మాల్కం పేరు వచ్చింది. కిందటేటి కంటే గంటకి పదకొండు మైళ్లు తక్కువ, ఆ ఒక్క మలుపులోనే. మిగతా కొండంతా కుర్రాడిలా వెళ్లాడు. జూన్, ఆగస్టు పోటీల ఫలితాల కాగితాలు కళ్లముందు తిరిగాయి, ఫ్రిజ్‌కి అంటించి ఉంటాయి అవి, రోజూ పాలు తీస్తూ చూస్తాను. ఆ ఒక్క చోటే తగ్గింది, ప్రతిసారీ. వయసయితే అన్ని మలుపుల్లోనూ వస్తుంది కదా, ఒక్క మలుపు చూసుకుని రాదు. కాలు తీస్తున్నాడు. తెలుసు కాబట్టి తీస్తున్నాడు. నేను అతని మీద జాలిపడి నా కాలు తీసిన చోటే, అతను తన ప్రాణం కోసం తన కాలు తీస్తున్నాడు. సరే, బతకాలని ఎవరికుండదు. తీసుకో. కానీ పొద్దున ఏమన్నాడు? పోటీ రోజు పొద్దున్నే కొండంతా నడిచి చూసుకోవడం మా అలవాటు. గోడ దగ్గర ఆగాడు. నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇక్కడ నువ్వు తటపటాయిస్తున్నావ్ లొరేన్. అర సెకను పోగొట్టుకుంటున్నావ్. కాలు తియ్యకు. అలా నొక్కి పట్టు, కారు అదే తిరుగుతుంది, నన్ను నమ్ము." నన్ను నమ్ము అన్నాడు. గోడ మీద నాచు ఉంది, అతను నా మోచెయ్యి వదిలి ఆ నాచు వేలితో గీకాడు కూడా.

నన్ను చంపాలనుకున్నాడా? లేదు. ఛ, లేదు. అలాంటి వాడయితే ఇంత బాధ ఉండదు, పోలీసుల్ని పిలిస్తే తీరిపోతుంది. నేను జోరుగా వెళ్లాలి, అంతే. నేను కూడా అక్కడ తగ్గితే జనం కారు వంక చూస్తారు. ఆవిడ ఎగిరి దూకుతోంది, ఆయన వెనకబడ్డాడు, అంటే కారుకేం రోగం లేదు, మాస్టారికి వయసైందంతే. వయసైందనిపించుకోవడానికి సిద్ధపడ్డాడు, తప్పు చేశాడనిపించుకోవడానికి మాత్రం సిద్ధపడలేదు. అతని పనితనానికి నన్ను సాక్ష్యంగా పెట్టి, గంటకి డెబ్భై మైళ్ల మీద గోడ పక్కనుంచి తోలాడు. ఏమీ కాదనే అనుకుని ఉంటాడు. ఇంకొక్క పోటీ, ఇంకొక్క పోటీ, శీతాకాలం వస్తే ఎవరికీ తెలియకుండా బాగు చేసేద్దాం. ఇవాళ ఆఖరిది. ఈ ఒక్క పరుగూ ముగించి నేను దిగి వచ్చేస్తే అతను గట్టెక్కేవాడు. అదుగో, చూసేవాళ్ల కోసం కట్టిన తాడుకి అవతల నిలబడ్డాడు, చేతిలో కాగితం కప్పు, ఎవరో కొత్త జంట కాబోలు, వాళ్లకి గాల్లో చేతులు పెట్టి చూపిస్తున్నాడు, పైనొక చెయ్యి, కిందొక చెయ్యి. వాళ్లు ఓహో అంటున్నారు. నా వైపు చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. చెయ్యికి అలవాటు, దానికింకా తెలియదు పాపం.

ముందు కార్లు ఒక్కొక్కటే దగ్గుతూ లేచాయి. నేను కోటు తీసి ఒళ్లో పెట్టుకుని కారులో కూర్చున్నాను, తాళం తిప్పలేదు. మాల్కం పరుగున వచ్చాడు, ఎప్పటిలాగే నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని బెల్టులు బిగించడానికి. మోకాళ్లు పటుక్కుమన్నాయి. "ఏంటి, ఇంకా హెల్మెట్ పెట్టుకోలేదు? చలేస్తోందా? ఈ ఒక్కటీ లాగించెయ్ లొరేన్, ఈ ఏటి కప్పు మనదే."

"గోడ దగ్గర నువ్వు కాలు తీస్తున్నావా మాల్కం?"

"ఇప్పుడా ప్రశ్నేంటి?"

"తీస్తున్నావా?"

బెల్టు పట్టీ సవరించాడు. "వయసైపోతోందోయ్. భయం వేస్తోంది, ఏం చెయ్యమంటావ్."

"మరి నన్నెందుకు నొక్కి పట్టమన్నావ్?"

చేతులు ఆగిపోయాయి. నా ఒళ్లో ఉన్న కోటు వంక చూశాడు, జేబు వంక, నా ఎర్రటి అరచెయ్యి వంక. అతని మొహంలో రంగు దిగిపోవడం నేను చూశాను. ఏడుస్తాడనుకున్నాను, కాళ్ల మీద పడతాడనుకున్నాను, నీకేమైనా అయి ఉంటే నేనేమైపోయేవాణ్ణి అంటాడనుకున్నాను. ఆ ఒక్క మాట అనుంటే చాలు, నేను మెత్తబడిపోయేదాన్ని, నా సంగతి నాకు తెలుసు. అతను వెనక వరస కార్ల వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు, "క్లచ్ పోయిందని చెబుదాం. సరేనా? క్లచ్ అంటే ఎవరూ ఏమీ అడగరు."

ఆడ్రీ వచ్చేసింది, నారింజ కోటు, చేతిలో అట్ట, అట్టకి దారంతో కట్టిన పెన్సిలు. "ఏమ్మా, కదలవేం? నీ వెనక ఇరవై మంది ఉన్నారు."

"నేను వెళ్లడం లేదు ఆడ్రీ. కొట్టెయ్ నా పేరు."

"అయ్యో! కప్పు చేతిలోకి వచ్చాకా? కారణం ఏం రాయను?"

"క్ల..." అన్నాడు మాల్కం.

"ముందు కుడి బేరింగు" అన్నాను. అంతే అన్నాను. ఇంకేమీ అననని అప్పుడే నిర్ణయించుకున్నాను. ఎవరు, ఎప్పుడు, ఎన్నిసార్లు, ఏదీ చెప్పను. ఎవరికైనా పోతాయి బేరింగులు. ఇరవై ఏడేళ్ల కాపురానికి ఆ మాత్రం పరదా నేను కప్పగలను, ఇంటికి వెళ్లాక ఇద్దరం ముఖాముఖీ తేల్చుకుంటాం, అనుకున్నాను.

ఆడ్రీ చెయ్యి గుండె మీదకి వెళ్లింది. "బేరింగా! గోడ పక్కన ఆ మలుపులో! దేవుడా, ఎవరు చూశారమ్మా?"

నేను నోరు తెరిచేలోపు మాల్కం లేచి నిలబడ్డాడు. కళ్లజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు. "నేనే ఆడ్రీ. ఇప్పుడే, బెల్టు కడుతుంటే అనుమానం వచ్చింది. చెయ్యి పెట్టి చూస్తే కాలిపోతోంది. ఆపేశాను. క్షణం ఆలస్యమైతే ఏమయ్యేదో." చివర్లో అతని గొంతు వణికింది కూడా. ఆ వణుకు నాటకం కాదు, అదే నేను తట్టుకోలేకపోయింది, అప్పటికే నమ్మేశాడు తనని తను.

ఆడ్రీ కారులోకి వంగి నన్ను మెడ చుట్టూ కావలించుకుంది, తడి ఉన్ని వాసన, పిప్పరమెంటు వాసన. "ఎంత అదృష్టవంతురాలివమ్మా" అంది నా చెవిలో. వెనక కారు వాడు కూడా దిగి వచ్చి మాల్కం భుజం తట్టాడు. మాల్కం తల వంచుకుని, ఏముందిలే అన్నట్టు చెయ్యి ఊపాడు.

నేను బెల్టులు విప్పుకున్నాను. ఆడ్రీ చేతులు నా మెడ మీంచి నెమ్మదిగా తీసి, వాటిని అలాగే పట్టుకున్నాను.

"ఆడ్రీ, నన్ను ఎవరూ ఆపలేదు" అన్నాను. "సాయంత్రం మీ వ్యానులో నాకు చోటుంటుందా? నేను ఈ మనిషితో ఇంటికి వెళ్లను."